ముందు గడియారం, తర్వాతే బొమ్మ

చిన్నా,

పాత ఆర్కేడ్ ఆటల బోర్డుల్ని అనుకరించి పీఎస్5 గేమ్ కన్సోల్ మీద నడిపే నీ ఎమ్యులేటర్‌లో, అంతరిక్ష ఓడతో కాల్చే ఆర్-టైప్ ఆట ఆడుతూ నువ్వు పంపిన వీడియో చూశాను. ఫోన్లో చెబితే అంకెలు మర్చిపోతావని రాస్తున్నా.

ఆర్-టైప్‌లో నక్షత్రాలు జారుతుంటే వస్తున్న ఆ చిన్న కుదుపుని తెరని జరిపే స్క్రోలింగ్ కోడ్‌లో వెతక్కు. అక్కడ తప్పేం లేదు. ఆ ఆట నడిచిన 1987 నాటి ఐరెమ్ కంపెనీ ఎం72 బోర్డు సెకనుకి 55 ఫ్రేములే, అంటే 55 బొమ్మలే, ఇస్తుంది. నీ టీవీ 60 అడుగుతుంది. తక్కువైన ఆ అయిదు చోట్లా పాత ఫ్రేమే రెండోసారి పడుతుంది. అంటే 11 ఫ్రేములకోసారి బొమ్మ ఆగి కదులుతుంది. నీ కంటికి తగిలింది అదే.

దీనికి అందరికీ ముందు తట్టే మందు ఆటనే 60కి లాగేయడం. ఆ పని చెయ్యకు. వేగం 9 శాతం పెరుగుతుంది, తూటాలతో సహా. ఇది బట్టీపట్టి ఆడే ఆట, వేళ్లకి అలవాటైన లయ చెడిపోతుంది. బోర్డు మొత్తాన్నీ కలిపి లాగితే అందులోని వైఎం2151 సౌండ్ చిప్ వాయించే సంగీతం కూడా దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది.

పీఎస్5లో వేరియబుల్ రిఫ్రెష్, అంటే ఆట లయకి తగ్గట్టు టీవీ తన లయ మార్చుకోవడం, 48 నుంచి 120 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు) దాకా పనిచేస్తుంది. 55 అందులో హాయిగా ఇముడుతుంది. టీవీకి ఆ సౌకర్యం ఉంటే 18.2 మిల్లీసెకన్లకో ఫ్రేము పంపెయ్, కుదుపు పోతుంది. లేకపోతే 120 హెర్ట్జ్‌లో పంపు. ప్రతి ఫ్రేమూ రెండుసార్లు, సెకనుకి పది మాత్రం మూడుసార్లు పడతాయి. అప్పుడు ఆగేది 16.7 కాదు, 8.3 మిల్లీసెకన్లే. 60 తప్ప వేరే దారి లేని టీవీలో 11కి ఒకటి అన్న వరస తప్పకుండా చూసుకో. వరస గతి తప్పితే కుదుపు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. రెండు ఫ్రేముల్ని కలిపి పూసే పద్ధతి నాకు నచ్చదు, అంచులు నీళ్లలో తడిసినట్టుంటాయి. 60 వేగం కావాలని ఎవరైనా పట్టుబడితే సెట్టింగ్స్‌లో పెట్టు, కానీ వాళ్ల స్కోరు పట్టిక వేరుగా ఉండాలి.

ప్యాక్‌మ్యాన్ సంగతి వేరు. దానిది సెకనుకి 60.6 ఫ్రేములు. అరవైకి దించితే వేగం ఒక్క శాతం పోతుంది, వదిలెయ్.

ఈ కాలం లెక్క ఆటలో ఎంత లోతున ఉంటుందో చూడాలంటే 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ తెరువు. 55 మంది శత్రువులు, ఫ్రేముకి ఒక్కడే కదులుతాడు. అందరూ ఉన్నప్పుడు దండు ఒక అడుగు వెయ్యడానికి 55 ఫ్రేములు, పదిమంది మిగిలితే పదే. వాళ్లు తరిగేకొద్దీ పరుగు పెరగడం వెనక ఉన్నది ఇదే. మళ్లీ కొత్తగా రాసేవాళ్లు అందర్నీ ఒకేసారి కదిపి వేగం చేత్తో పెడతారు, ఆ అలలాంటి కదలిక కాస్తా పోతుంది. పైగా దాని ధ్వనులు బోర్డు మీద అనలాగ్ సర్క్యూట్లలో పుడతాయి. ఆ బోర్డులోని 8080 ప్రాసెసర్ ఒక్కదాన్నే ఎమ్యులేట్ చేస్తే ఆట మూగగా నడుస్తుంది.

ఇక నీ బొమ్మ. ఓడ లావుగా ఉందిరా! ఎం72 తెర 384 అడ్డం, 256 నిలువు. నువ్వు రెండువైపులా నాలుగింతలు చేసి 1536, 1024 పెట్టావు. అది 4:3 (అడ్డం నాలుగు పాళ్లు, నిలువు మూడు) మానిటర్ కోసం గీసిన బొమ్మ, 1024 నిలువుకి అడ్డం 1365 ఉండాలి. పన్నెండున్నర శాతం ఎక్కువైంది. అలాగని సూటిగా 1365కి సాగదీస్తే కొన్ని నిలువు గీతలు మూడు చుక్కలు, కొన్ని నాలుగు చుక్కల మందం వచ్చి, తెర జరిగేటప్పుడు మిణుకుమంటాయి. ముందు నాలుగింతలే చెయ్యి, తర్వాత అడ్డం మాత్రం మెత్తటి ఫిల్టర్‌తో 1365కి కుదించు. స్కాన్‌లైన్లు, అంటే పాత మానిటర్‌లా కనిపించడానికి వేసే నల్లటి అడ్డగీతలు, అన్నిటికన్నా చివర.

బటన్ ఆలస్యం ఊహించకు, కొలువు. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి, బొటనవేలూ తెరా రెండూ పడేలా ఫోన్‌ని 240 ఫ్రేముల స్లో మోషన్‌లో నిలబెట్టు. బటన్ అడుక్కి తగిలిన ఫ్రేము నుంచి ఓడ కదిలేదాకా లెక్కపెట్టు, ఒక్కోటీ 4.2 మిల్లీసెకన్లు. పదిసార్లు చెయ్యి. కొలతల మధ్య నాలుగైదు ఫోన్ ఫ్రేముల తేడా మామూలే, నొక్కిన క్షణం ఆట ఫ్రేములో ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి మారుతుంది. అన్నిటికన్నా తక్కువ వచ్చినదే 20 ఫోన్ ఫ్రేములు దాటితే మాత్రం కోడ్ చూడు. కంట్రోలర్‌ని ఫ్రేము నడిపే ముందు చివరి క్షణంలో చదువుతున్నావా, తెరకి పంపే క్యూలో ఎన్ని ఫ్రేములు కాచుక్కూచున్నాయి అన్నవి చూసుకో. మూడుంటే రెండుకి తగ్గించి మళ్లీ కొలువు.

పది కొలతలూ పంపు, సగటు ఒక్కటే పంపకు.

అమ్మ