బేగంబజార్ దుకాణంలో పోస్ట్‌గ్రెస్

హైదరాబాద్

మామా,

మూలకు పెట్టిన పాత డెస్క్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ (బిల్లులు, సరుకుల లెక్కలు ఒకేచోట దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఎక్కించి, దాన్ని దుకాణం మొత్తానికి డేటాబేస్ సర్వర్ చేయొచ్చా అని అడిగావు కదా. మంచిగా చేయొచ్చు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒకటి, గోదాములో ఒకటి, నీ టేబుల్ మీద ఒకటి, మూడే కంప్యూటర్లు. నాలుగో తరం ఐ5కి, 8 జీబీ ర్యామ్‌కి ఇది అసలు బరువే కాదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి పోయి 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, 600 వీఏ యూపీఎస్ ఒకటి, సీఆర్2032 బటన్ సెల్ ఒకటి తెచ్చుకో. సెల్‌ను చిన్న వస్తువని వదిలెయ్యకు. మదర్‌బోర్డు మీది పాత సెల్ అయిపోయి ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. నెట్ వచ్చి టైం సరిదిద్దేలోపు కొట్టిన బిల్లులన్నీ ఆ తప్పు తేదీతోనే ఎక్కుతాయి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది. ఆ ప్రాసెసర్‌ను విండోస్ 11 ఒప్పుకోదు. అందుకే విండోస్ బదులు ఉబుంటు 24.04 అనే లినక్స్ సిస్టమ్ ఎక్కించు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కొత్త ఎస్ఎస్‌డీ మీద సిస్టమ్ పెట్టు. పాత హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లు వేరే చోటికి తీసుకున్నాక, దాన్ని ఫార్మాట్ చేసి బ్యాకప్‌ల కోసం అందులోనే ఉంచు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) కరెంటు తిరిగొచ్చినప్పుడు తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టు. ఉబుంటు పవర్ సెట్టింగుల్లో ఆటోమేటిక్ సస్పెండ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడు.

కమాండ్లు పలికినట్టే రాస్తున్నా, నువ్వు ఇంగ్లిష్‌లో కొట్టుకో. టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. అంతే, వెర్షన్ 16 దిగుతుంది, సర్వర్ తనే మొదలవుతుంది. బయట కన్సల్టెంట్లు వేలకు వేలు అడిగేది ఈ రెండు లైన్లకైతే ఇవ్వకు. అసలు పని ఇక్కడి నుంచే.

ముందు యూజర్, డేటాబేస్. పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్‌ను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎప్పుడూ ఇవ్వొద్దు. దుకాణం పేరుతో వేరే రోల్ (డేటాబేస్ లోపలి యూజర్) చెయ్యి: సుడో హైఫన్ యు పోస్ట్‌గ్రెస్, ఆ పక్కనే క్రియేట్‌యూజర్, రెండు హైఫన్లతో పీడబ్ల్యూప్రాంప్ట్, చివర పేరు. పాస్‌వర్డ్ అడుగుతుంది. తర్వాత క్రియేట్‌డీబీతో 'లెక్క' అనే డేటాబేస్ చెయ్యి, రెండు హైఫన్లతో ఓనర్ అని ఆ రోల్ పేరే ఇవ్వు. ఈ ఓనర్ ముక్క మర్చిపోతే టేబుల్ చేయబోయినప్పుడు 'పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్' అంటుంది. 2022లో వచ్చిన వెర్షన్ 15 నుంచి పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు ఉండే మామూలు అరలో) ఎవరు పడితే వాళ్లు టేబుళ్లు చేసే వీలు తీసేశారు. పాత వీడియోలు చూసి చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు.

సరుకుల పేర్లు తెలుగులో పెడతానన్నావు, చాలా మంచి ముచ్చట. పీఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే కమాండ్) తెరిచి షో సర్వర్_ఎన్‌కోడింగ్ అని అడిగితే యూటీఎఫ్8 (తెలుగు అక్షరాలు పట్టే పద్ధతి) అని రావాలి. ఎస్‌క్యూఎల్_ఆస్కీ అని వస్తే సరుకులు ఎక్కించకముందే సరిచేసుకో. పేరు కాలమ్‌కు వార్‌చార్ 20 (ఇరవై అక్షరాలు మించొద్దు) లాంటి హద్దు పెట్టకు, టెక్స్ట్ పెట్టు. 'పళ్ళెం' కంటికి రెండు అక్షరాలే. పోస్ట్‌గ్రెస్ లెక్కలో ఆరు: ప, ళ, పొల్లు, మళ్లీ ళ, ఎత్వం, సున్న. 'స్టీలు పళ్ళెం 12 అంగుళాలు' అంటే ఇరవై దాటిపోతుంది, ఎర్రర్ వస్తుంది. ధరలకు న్యూమరిక్ 12,2 వాడు. ఫ్లోట్ (సుమారు విలువ దాచే రకం) వాడితే నెలాఖరు మొత్తంలో పైసలు కలవవు.

ఇప్పుడు మిగతా కంప్యూటర్లను లోపలికి రానివ్వడం. మొదట రౌటర్‌లో ఈ డెస్క్‌టాప్‌కు ఎప్పటికీ ఒకే ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) కట్టేయి, 192.168.1.50 అనుకో. సెట్టింగుల ఫైళ్లు ఈటీసీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, 16, మెయిన్ ఫోల్డర్లో ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్‌లో లిజన్_అడ్రసెస్ దగ్గర మొదట లోకల్‌హోస్ట్ (ఈ కంప్యూటర్ తనకు తానే) ఉంటుంది, అంటే బయటివాళ్లెవరికీ వినపడదు. అక్కడ స్టార్ గుర్తు (*) పెట్టు, లోకల్‌హోస్ట్ పక్కన ఆ ఐపీ చేర్చకు. ఎండాకాలం గాలివానకు కరెంటు పోయి వచ్చిందనుకో, రౌటర్ కంటే డెస్క్‌టాప్ ముందు లేస్తుంది. అప్పటికి ఆ ఐపీ ఇంకా రాదు కాబట్టి పోస్ట్‌గ్రెస్ లోకల్‌హోస్ట్ మీద మాత్రమే నిలబడుతుంది, కౌంటర్ ఎంత పిలిచినా పలకదు. స్టార్ గుర్తుంటే ఐపీ ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది లేదు. అదే ఫైల్లో షేర్డ్_బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తన కోసం పెట్టుకునే ర్యామ్) 128 ఎంబీ నుంచి 2 జీబీ చెయ్యి. ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్ మీద నిజంగా పడేలా చూసే సెట్టింగ్) ఆఫ్ చేస్తే వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే వినకు. కరెంటు పోయినప్పుడు నీ బిల్లును కాపాడేది అదే.

ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే ఫైల్ పీజీ_హెచ్‌బీఏ డాట్ కాన్ఫ్‌లో ఒక లైన్ చేర్చు: హోస్ట్, డేటాబేస్ పేరు, రోల్ పేరు, 192.168.1.0/24 (దుకాణం నెట్‌వర్క్ మొత్తం), స్క్రామ్-షా-256 (పాస్‌వర్డ్ అడిగే పద్ధతి). 'ట్రస్ట్' అని రాస్తే పాస్‌వర్డ్ అడక్కుండానే లోపలికి పోవచ్చు, దుకాణం వైఫై వాడే ప్రతి ఫోనుకూ నీ లెక్కలు తెరిచినట్టే. ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో కూడా ఆ నెట్‌వర్క్‌కు మాత్రమే 5432 పోర్టు (పోస్ట్‌గ్రెస్ వినే తలుపు) తెరువు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) ఎట్టి పరిస్థితుల్లో వద్దు. తర్వాత సర్వీస్ రీస్టార్ట్ చెయ్యి. ఒక్క హెచ్‌బీఏ ఫైలే మారిస్తే రీలోడ్ చాలు.

కౌంటర్ నుంచి కలవకపోతే పరేషాన్ కాకు, ఏ మెసేజ్ వచ్చిందో అక్షరం పోకుండా చదువు. చాలాసేపు ఆగి టైమ్డ్ అవుట్ అంటే ఫైర్‌వాల్ ఆపింది, లేదా ఐపీ తప్పు, లేదా కౌంటర్ కంప్యూటర్ గెస్ట్ వైఫైలో ఉంది. వెంటనే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే డెస్క్‌టాప్ దాకా చేరావు, కానీ ఆ పోర్టు మీద ఎవరూ లేరు: సర్వర్ ఆగి ఉంది, లేదా ఇంకా లోకల్‌హోస్ట్‌లోనే ఉంది. ఎస్‌ఎస్ హైఫన్ ఎల్‌టీఎన్ కొట్టి 5432 పక్కన 127.0.0.1 (లోకల్‌హోస్ట్) ఒక్కటే ఉందా, 0.0.0.0 (అందరికీ) ఉందా చూడు. నో పీజీ_హెచ్‌బీఏ ఎంట్రీ అంటే సర్వర్ పలికింది, నీ లైన్ సరిపోలేదు. అదే మెసేజ్‌లో ఏ ఐపీ, ఏ యూజర్, ఏ డేటాబేస్ అన్నది ఉంటుంది, పక్కపక్కన పెట్టి పోల్చు. పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్ వచ్చిందంటే దాదాపు అయిపోయినట్టే, పాస్‌వర్డో పేరో తప్పు కొట్టావు.

ఇంకో సంగతి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అంటే 'యాక్టివ్, ఎగ్జిటెడ్' అని పచ్చగా చూపిస్తుంది, సర్వర్ పడిపోయి ఉన్నా సరే. దాన్ని నమ్మకు. పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ కొడితే ఆన్‌లైనా, డౌనా అని అసలు సంగతి చెబుతుంది. కాన్ఫ్ ఫైల్లో ఒక్క కోట్ గుర్తు పోయినా సర్వర్ లేవదు. డౌన్ అని వస్తే కారణం కోసం వార్, లాగ్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్లోని లాగ్ చూడు.

బ్యాకప్‌కు టైం చూసుకో. మీ లైన్లో రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసే అలవాటు ఉంది కదా, అర్ధరాత్రికి పెడితే ఒక్కనాడూ జరగదు. ఎనిమిదింటికి పెట్టు. పీజీ_డంప్ (డేటాబేస్‌ను ఫైల్‌గా తీసే కమాండ్) నడుస్తుంటే బిల్లింగ్ ఆపక్కర్లేదు, మొదలైన క్షణంలో ఉన్న డేటానే తీసుకుంటుంది. ఎనిమిది తర్వాత కొట్టిన బిల్లులు మర్నాటి డంప్‌లో వస్తాయి. మెయిన్ దించేముందు డెస్క్‌టాప్‌ను షట్‌డౌన్ చెయ్యమని కుర్రాడికి చెప్పు.

పాత హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్ చేసి దాని ఓనర్‌గా పోస్ట్‌గ్రెస్ యూజర్‌ను పెట్టు. నీ హోమ్ ఫోల్డర్లోకి అతను రాయలేడు. పోస్ట్‌గ్రెస్ పేరు మీద క్రాన్‌టాబ్ (క్రాన్ అనే ప్రోగ్రాం టైంకి నడపాల్సిన పనుల లిస్టు) తెరిచి పీజీ_డంప్ హైఫన్ పెద్ద ఎఫ్ చిన్న సీ లైన్ రాయి. ఫైల్ పేరులో తేదీ రావాలంటే డేట్ కమాండ్‌లో పర్సెంట్ గుర్తు వస్తుంది. క్రాన్ దాన్ని కొత్త లైన్ అనుకుని కమాండ్‌ను అక్కడే తెంపేస్తుంది. పర్సెంట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టు. చేత్తో కొడితే పని చేసి, క్రాన్‌లో మాత్రం చెయ్యకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. డంప్‌లో యూజర్లు రారు, వాళ్ల కోసం పీజీ_డంప్‌ఆల్, గ్లోబల్స్-ఓన్లీ అని విడిగా తీసుకో. సర్వర్ నడుస్తుండగా డేటా ఫోల్డర్‌ను కాపీ చేసి బ్యాకప్ అనుకోవద్దు, అది తెరుచుకుంటుందన్న భరోసా లేదు. వారానికోసారి డంప్‌లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకుపో.

మొదటి డంప్ వచ్చిన రోజే 'పరీక్ష' అనే ఖాళీ డేటాబేస్ చేసి, పీజీ_రీస్టోర్‌తో అందులోకి ఎక్కించు. ఎనిమిదికి ముందు కొట్టిన ఆఖరి బిల్లు నంబర్ అందులో కనిపించాక నాకు ఫోన్ చెయ్యి. సరుకుల లిస్టు ఎక్సెల్ నుంచి ఎట్లా ఎక్కించాలో అప్పుడు మాట్లాడుకుందాం.

నీ దోస్తు