ఈసారి వంటింటి ఫొటోలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. కడప జిల్లా ఫొటోలంటే గండికోట లోయ, ఒంటిమిట్ట గోపురమే గుర్తుకొస్తాయి. ఈసారి పాఠకులు తీసిన వంటింటి సామాన్ల ఫొటోలూ అడిగి వేయండి. ఇత్తడి చెంబు, పప్పుగుత్తి, సంగటి కట్టె, రొట్టెల పెనం ఎంత అందమైనవో రోజూ వాడేవాళ్లకే కనబడకుండా పోతోంది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక క్యాప్సికం కాయను రేకు గరాటులో పెట్టి తీసిన ఫొటోను ప్రపంచం ఇప్పటికీ చూస్తోంది.

ఇందుకు ఫోను చాలు. ట్యూబులైటు ఆర్పేయాలి. కిటికీ వెలుగులో అది కలిస్తే గిన్నెకు ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు మరో రంగు వస్తుంది, తర్వాత సరిదిద్దడం కష్టం. ఉత్తరం కిటికీ మేలు. ఎండ నేరుగా పడే కిటికీ అయితే తెల్ల పంచె ఒక్క పొర కట్టాలి. వెలుగు సామాను మీద పక్కనుంచి పడాలి, అప్పుడే సొట్టలు, గీతలు, అరుగుదల తేలతాయి.

నేపథ్యానికి మన కడప బండను మించింది లేదు. ఆ నలుపు మీద ఇత్తడి, రాగి రంగులు నిలుస్తాయి. పాలిష్ పెట్టని ముక్క తీసుకోండి. పాలిష్ బండలో కిటికీ ప్రతిబింబం తెల్లటి మరకలా పడుతుంది. పొడిగుడ్డతో తుడవాలి, నూనె చెయ్యి తగిలితే అక్కడ మెరుపు వస్తుంది. ఇంకో చిక్కుంది. నలుపు ఎక్కువగా ఉంటే ఫోను మొత్తం ఫొటోను వెలిగించేస్తుంది, బండ బూడిదరంగుకు తిరిగి, ఇత్తడి మెరిసే చోట తెల్లగా కాలిపోతుంది. చెంబు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు గుర్తును కిందికి జరపాలి.

అన్నిటికన్నా కష్టం స్టీలు. ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది, తీసేవాళ్ల చొక్కాతో సహా. ఇంకా లైటు పెడితే బాగుపడదు. ఒక పక్క తెల్ల చార్టు, రెండో పక్క నల్ల గుడ్డ నిలబెడితే అంచులు తేలి గుండ్రదనం కనబడుతుంది. మరీ దగ్గరికి వెళ్తే చెంబు ముందుభాగం ఉబ్బి వంకరపోతుంది. మూడు నాలుగు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయాలి. ఫోనును పప్పు డబ్బాకు ఆనించి టైమరు పెడితే చెయ్యి వణకదు.

చింతపండుతో తళతళ తోమాకే తీయాలని లేదు. అంచుల్లో మిగిలిన నలుపే ఆ వస్తువు వయసు చెబుతుంది. పాత సామాన్ల కొట్టుకు వేసే ముందైనా ఒక్క ఫొటో తీసుకోవాలి.

పంపేవాళ్లను ఫిల్టర్లు వాడొద్దని, ఆ వస్తువును తమ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో రాయమని అడగండి. ఒక మనవి: పత్రిక కాగితం మీద సిరా పాకి నీడలు మరింత నల్లబడతాయి. అచ్చుకు ముందు నీడల భాగం కొంచెం వెలిగించండి, లేదంటే కడప బండ మీద పెట్టిన ఇనుప పెనం కనబడకుండానే పోతుంది.

– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు