ఒక్క అక్షరం చేర్చండి: రివాల్వర్ షూటర్ల తరఫున బహిరంగ లేఖ

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య అధ్యక్షుల వారికి,

నమస్కారాలు. నేను పతకాల కోసం శిబిరాల్లో ఉండే షూటర్‌ని కాను. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికిన రోజున రేంజికి వెళ్లి, 25 మీటర్ల దూరాన నిలబెట్టిన కాగితం మీద రివాల్వర్‌తో గురి చూసే మనిషిని. పదకొండేళ్లుగా ఇదే నా వ్యాపకం. నాలాంటి వాళ్లం చాలామందిమి ఉన్నాం. మా అందరి తరఫున అడగాలనుకున్నది ఒక్కటే. మీ 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో రివాల్వర్‌తో కాల్చినవాళ్ల స్కోర్లను విడిగా ఒక పట్టికలో కూడా ప్రకటించండి. కొత్త పోటీ పెట్టమనడం లేదు. కొత్త టార్గెట్లు, అదనపు రోజు, కొత్త రేంజి, ఏవీ అక్కర్లేదు.

ఈ లేఖ చదివే మామూలు పాఠకుల కోసం ఆ పోటీ ఎలా నడుస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. సెంటర్ ఫైర్ అంటే అడుగు నడిమధ్యలో దెబ్బ పడితే పేలే తూటా. మొత్తం 60 తూటాలు. మొదటి 30 నిదానంగా: అయిదేసి తూటాల చొప్పున ఆరు విడతలు, ఒక్కో విడతకు 5 నిమిషాలు. పదో వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. మిగతా 30 వేగంగా: టార్గెట్ 3 సెకన్లు కనిపిస్తుంది, 7 సెకన్లు కనపడదు. కనిపించిన ప్రతిసారీ ఒక్కటే తూటా. ఈసారి పదో వలయం 100 మిల్లీమీటర్లు. చెయ్యి మాత్రం దించి ఉంచాలి, టార్గెట్ తిరిగాకే లేపాలి. అంతా ఒంటిచేత్తోనే. కేలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, ట్రిగ్గర్ లాగడానికి కనీసం 1000 గ్రాముల బరువు పట్టాలి.

ఈ నిబంధనల్లో రివాల్వర్ వద్దని ఎక్కడా లేదు. కానీ ఆ 7 సెకన్లలో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పట్టుకున్నవాడు తూటా పేల్చగానే స్లయిడో బోల్టో వెనక్కి వచ్చి తనంతట తానే హ్యామర్ (తూటా పేలేలా కొట్టే సుత్తి) ఎక్కిస్తుంది, కొత్త తూటా ఎక్కిస్తుంది. అతను చెయ్యి దించి ఊపిరి పీల్చుకుంటే చాలు. పట్టు మారదు. అయిదు తూటాలకూ అరచెయ్యి పిడి మీద అదే చోట ఉంటుంది. రివాల్వర్ పట్టుకున్నవాడు చెయ్యి దించుతూనే బొటనవేలు పైకి జరిపి హ్యామర్ వెనక్కి లాగాలి. సిలిండర్ (తూటాలు పెట్టే అరలున్న చక్రం) ఒక అర తిరిగి 'టక్' మని కుదురుకుంటుంది. బొటనవేలు మళ్లీ దిగి పిడిని చుట్టుకోవాలి. ఈ చిన్న కదలికలో అరచెయ్యి రవ్వంత జరుగుతుంది. వెంట్రుకవాసి జరిగినా 25 మీటర్ల దగ్గర అది పదిలోంచి తొమ్మిదిలోకో ఎనిమిదిలోకో తీసుకుపోతుంది. అది వద్దనుకుంటే డబుల్ యాక్షన్‌లో కాల్చాలి. అంటే ఒక్క వేలి బలంతోనే హ్యామర్ ఎక్కించి, సిలిండర్ తిప్పి, పేల్చాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తుపాకీలో ఆ లాగుడు నాలుగైదు కిలోలుంటుంది. 3 సెకన్లలో, ఒంటిచేత్తో, ముందు సైట్ (గొట్టం చివరన గురి చూసే మిట్ట) కదలకుండా!

ఇంత తేడా ఉన్న రెండు ఆయుధాలను ఒకే పట్టికలో పెడితే ఫలితం ముందే తేలిపోతుంది. కొన్నేళ్ల కిందట ఒక పోటీలో మా పెద్దాయన ఒకరు నిదానపు విడతల్లో 300కి 285 కొట్టారు. ఆ రోజు అక్కడున్నవాళ్లలో అది మూడో స్కోరు. వేగపు విడతలు అయ్యేసరికి పేరు అడుగుకి చేరింది. నిర్వాహకుల్లో ఒకాయన భుజం తట్టి, "సార్, ఇంకా ఆ పాతదేనా? మంచి పిస్టల్ కొనుక్కోకూడదా?" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. కానీ ఆ తర్వాత ఆయన పోటీలకు రావడం మానేశారు. రేంజికి వస్తారు, పిల్లలకు నేర్పుతారు, తన పేరు మాత్రం రాయించుకోరు. ఇలా పేరు రాయించుకోవడం మానేసినవాళ్లను నేను నా కళ్లతో చాలామందిని చూశాను. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

రివాల్వర్ మీద ఎందుకింత మమకారం అని అడగవచ్చు. నా మొదటి రోజుల్లో జరిగింది చెబుతాను. నా తూటాలన్నీ టార్గెట్ కింది ఎడమవైపుకే పోతున్నాయి. సైట్ సరిగా లేదని నా గట్టి నమ్మకం. ఆ పెద్దాయనే నన్ను అటు తిరగమని, సిలిండర్‌లో మూడు అసలు తూటాలు, మూడు పేలిపోయిన ఖాళీ గుల్లలు కలిపి పెట్టి, సిలిండర్ ఒక చుట్టు తిప్పి మూసి నా చేతికిచ్చారు. ఏ అరలో ఏముందో నాకు తెలీదు. మొదటిది పేలింది. రెండోసారి ట్రిగ్గర్ లాగాను. హ్యామర్ ఖాళీ గుల్ల మీద పడి 'టిక్' మంది. శబ్దం లేదు, కుదుపు లేదు, అయినా నా చేతిలోని గొట్టం ముక్కు జానెడు కిందికి వంగింది! పేలుడుకు భయపడి, పేలకముందే నేనే దాన్ని కిందికి తోసేస్తున్నాను. ఆ సంగతి వంద మాటలతో చెప్పినా నమ్మేవాణ్ని కాదు. నా చెయ్యే నాకు చూపించింది. వరుసగా నాలుగు వారాలు అలాగే సాధన చేశాను. ఖాళీ గుల్ల మీద హ్యామర్ పడ్డా ముందు సైట్ కదలకుండా నిలిచిన రోజు నాకింకా గుర్తే.

ఈ పాఠం సెమీ ఆటోమేటిక్‌తోనూ నేర్పవచ్చు, కాదనను. కానీ అందులో పేలని తూటా వస్తే స్లయిడ్ లాగి దాన్ని బయటికి తియ్యాలి, సాధన తెగిపోతుంది. రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ లాగితే పక్క అర వస్తుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే నిజాయితీగల మాస్టారు లేరని నా అభిప్రాయం.

భద్రత మాట కూడా చెప్పాలి. సిలిండర్ పక్కకు తెరిస్తే చాలు, నిండుగా ఉందా, ఖాళీయా అన్నది రేంజ్ ఆఫీసర్‌కు రెండడుగుల దూరం నుంచే తెలుస్తుంది. మ్యాగజైన్ తీసేశాక కూడా లోపల ఒక తూటా మిగిలిపోయే ప్రమాదం ఇందులో లేదు. దీనికీ దాని జాగ్రత్తలు దానికున్నాయి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఉండే సన్నని సందులోంచి మంటలాంటి వాయువు పక్కలకు చిమ్ముతుంది, అక్కడ వేలు పెట్టకూడదు. మొదటి రోజే మొదటి మాటగా మేం నేర్పేది అదే.

చేతిలో ఇమిడే యంత్రాల్లో ఇంత ముచ్చటైనది మరొకటి నాకు తెలీదు. ఆరు అరలున్నాయంటే ఆరు తుపాకులున్నట్టే. ప్రతి అరా గొట్టానికి ఎదురుగా సరిగ్గా వచ్చి నిలవాలి. ఎంత బాగా చేసిన రివాల్వర్‌లోనైనా ఒక అర మిగతావాటి మాట వినదు, కొంచెం పక్కకు వేస్తుంది. అందుకే అనుభవమున్న షూటర్లు అరలకు చుక్కలు పెట్టుకుని, ఒక్కో అరతో విడివిడిగా కాగితం మీద కొన్ని తూటాలు కాల్చి చూసి, మాట వినని అరను కనిపెడతారు. పోటీలో విడతకు అయిదే తూటాలు కదా, ఆ ఆరో అరను ఖాళీగా వదిలేస్తారు. వాడ్‌కట్టర్ అనే చదును ముఖం తూటా కాగితాన్ని చింపదు. పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది. గీత మీద పడిందా లోపల పడిందా అన్న వాదనకు తావుండదు. మందు తక్కువగా నింపిన ఆ తూటాలు పిస్టల్ స్ప్రింగ్‌ను ఆడించలేక కొన్నిసార్లు ఇరుక్కుంటాయి. రివాల్వర్‌కు ఆ బాధ లేదు.

ఇక చరిత్ర. మీ సమాఖ్య 1907లో పుట్టింది. అంతకు పదకొండేళ్ల ముందు, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల మిలిటరీ పిస్టల్ పోటీలో మొదటి రెండు స్థానాలూ పేన్ అన్నదమ్ములవే. జాన్ పేన్ 442, సమ్నర్ పేన్ 380. వాళ్ల చేతుల్లో ఉన్నవి రివాల్వర్లే. ఒకరు గెలిస్తే తర్వాతి పోటీ నుంచి తప్పుకోవాలని ముందే అనుకున్నారట. మాట ప్రకారం జాన్ తప్పుకున్నాడు, 30 మీటర్ల పోటీ సమ్నర్ గెలిచాడు. ఆధునిక ఒలింపిక్స్‌లో పిస్టల్ షూటింగ్ మొదలైంది రివాల్వర్‌తోనే అని మేం గర్వంగా చెప్పుకుంటాం.

సెంటర్ ఫైర్ పోటీల్లోనూ రివాల్వర్ చాలా కాలం బతికింది. స్మిత్ అండ్ వెస్సన్ కె-38 మాస్టర్‌పీస్, ఫ్రాన్స్ మాన్యురిన్ వారి ఎంఆర్-32 మ్యాచ్ ఇలాంటి టార్గెట్ షూటింగ్ కోసం వచ్చినవే. సోవియట్ కాలంలో తూలా ఫ్యాక్టరీ ఇంకో అడుగు ముందుకేసి టోజ్-36, టోజ్-49 తయారు చేసింది. పాత రష్యన్ నగాన్ రివాల్వర్‌లోలాగే వీటిలో హ్యామర్ ఎక్కించినప్పుడు సిలిండర్ ముందుకు జరిగి గొట్టానికి అతుక్కుంటుంది. ఇందాక చెప్పిన సందు మూసుకుపోతుంది. ఒక్క పోటీలో నాలుగు పాయింట్లు ఎక్కువ సంపాదించడానికి ఇంజినీర్లు ఎంత బుర్ర పెట్టారో చూడండి. ఇప్పుడు రివాల్వర్‌కు విడి పట్టికే లేనప్పుడు అంత శ్రద్ధ ఎవరికి ఉంటుంది?

మిగతా సంస్థలు ఈ సంగతి ఎప్పుడో గుర్తించాయి. 1976లో మొదలైన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య (ఐపీఎస్‌సీ) పోటీల్లో రివాల్వర్‌కు విడిగా డివిజన్ ఉంది. 150 తూటాలతో 1500 పాయింట్లకు ఆడే 1500 మ్యాచ్‌లో రివాల్వర్‌కూ పిస్టల్‌కూ వేర్వేరు పోటీలు పెడతారు. 1991 నుంచి ఐకోర్ అనే సంస్థ అచ్చంగా రివాల్వర్ల కోసమే పనిచేస్తోంది. నల్ల తుపాకిమందుతో పేలే పాతకాలపు తుపాకుల సమాఖ్య ఎంఎల్‌ఏఐసీ కూడా మారియెట్ పేరుతో పాతకాలపు రివాల్వర్లకు 25 మీటర్ల పోటీ నడుపుతుంది, 13 తూటాల్లో మంచివి 10 లెక్కిస్తారు. అమెరికన్ షూటర్ జెర్రీ మిక్యులెక్ 1999లో రివాల్వర్‌తో ఆరు తూటాలు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు కాల్చడానికి 2.99 సెకన్లు తీసుకున్నాడు. నాకు ఆ వేగం మీద ఆశ లేదు. నాకిష్టమైనది మీ పోటీయే: ఒంటిచెయ్యి, నిశ్శబ్దం, అయిదు తూటాలు, ఒక కాగితం. రివాల్వర్‌కు విడిగా చోటు లేనిది ఇక్కడే.

మీ సాంకేతిక కమిటీ ఏమంటుందో ఊహించగలను. అంశాలు ఇప్పటికే ఎక్కువయ్యాయని మొదటి మాట. మేం అంశం అడగడం లేదు, అదే వరుసలో, అదే సమయానికి, అదే టార్గెట్ మీద కాల్చినవాళ్ల పేర్లు ఇంకో కాగితం మీద రాయమంటున్నాం. ఎనిమిది అరల తుపాకీ ఉన్నవాడికి లాభం కదా అనేది రెండోది. అయిదు తూటాల విడతల్లో అయిదరలదైనా ఎనిమిదరలదైనా ఒకటే. మీ పోటీ స్వరూపమే ఆ తగువు తీర్చేస్తుంది. వచ్చేవాళ్లు తక్కువ అనేది మూడోది, దాన్ని నేను కొట్టిపారెయ్యను. నిజంగానే ఇప్పుడు తక్కువే. కానీ అడుగున మిగిలిపోతామని తెలిసి ఎవరు వస్తారు? నాలుగేళ్లపాటు విడి పట్టిక ప్రకటించి చూడండి. అప్పటికీ రాకపోతే తీసేయండి, మేం మారుమాట్లాడం.

ఇంకో మాట. ప్రపంచ పోటీల్లో సెంటర్ ఫైర్ పురుషుల అంశంగానే నడుస్తూ వచ్చింది. మహిళలు 25 మీటర్లలో పాయింట్ 22 అనే చిన్న తూటా పిస్టల్‌తో కాలుస్తారు. రివాల్వర్ పట్టికనైనా మొదటి రోజు నుంచే స్త్రీపురుషులిద్దరికీ తెరవండి. మా రేంజిలో ఒక అక్క ఉంది. పొడవాటి గొట్టం రివాల్వర్‌తో వేగపు విడతలు ఆవిడ డబుల్ యాక్షన్‌లోనే కాలుస్తుంది. సాధన లేని రోజు ఇంట్లో ఖాళీ రివాల్వర్‌లో డమ్మీ తూటాలు పెట్టి, ముందు సైట్ వెనకాల గొట్టం మీద ఒక నాణెం నిలబెట్టి, అది పడకుండా వంద సార్లు ట్రిగ్గర్ లాగుతుంది. నాణెం పడకుండా నేను ఇప్పటికీ అరవై సార్లు దాటలేదు. అంత సాధన చేసే మనిషికి ఈ ఆయుధంతో పేరు రాయించుకునే పోటీ మీ దగ్గర ఒక్కటీ లేదు.

రివాల్వర్ అనగానే సినిమాలో విలన్ చేతిలోది గుర్తొచ్చేవాళ్లు ఉంటారు. ఆ బొమ్మ మారాలంటే పోటీ పట్టికల్లో దాని పేరు కనబడాలి. తెల్ల కాగితం ముందు చెయ్యి దించుకుని, ఊపిరి బిగబట్టి, టార్గెట్ తిరిగే క్షణం కోసం చూసే మనిషి జనం కంటపడాలి.

పోటీకి ముందు మీ ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర మా ఆయుధాలను 300 × 150 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పెట్టి చూస్తారు, బరువు 1400 గ్రాములు దాటలేదని తూస్తారు, ట్రిగ్గర్‌కు 1000 గ్రాముల బరువు కట్టి లేపుతారు. సిలిండర్ ఉందో లేదో కళ్లముందే ఉంటుంది. వచ్చే నిబంధనల పుస్తకంలో ఒక్క వాక్యం రాయించండి. ఆ బల్ల దగ్గర రివాల్వర్ తెచ్చినవాళ్ల పేరు పక్కన ఒక్క అక్షరం చేర్చమని, పోటీ అయ్యాక ఆ అక్షరం ఉన్న పేర్లతో ఇంకో పట్టిక గోడకు అంటించమని. ఆ పట్టిక వచ్చిన మొదటి పోటీకి మా పెద్దాయన పేరు నేనే రాయిస్తాను. ఆయన్ని అడిగాను, సరేనన్నారు.

భవదీయుడు,
ఒక రివాల్వర్ షూటర్