వార్షిక నివేదిక 2024–25: సాంస్కృతిక విభాగం, మహబూబ్‌నగర్

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పిల్లల పాటల పోటీలు, బతుకమ్మ పాటల సాయంత్రం, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసినవే. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారు చదువుతారు. వివరంగా రాయాల్సింది ఉగాది కార్యక్రమం గురించే. ఎక్కువ మాటలు పడ్డది కూడా దానికే!

ఈసారి ఉగాది మార్చి 30న వచ్చింది. అమెరికా గాయని ట్రేసీ చాప్‌మన్ పుట్టినరోజూ అదే. ఆమె కథ చెప్పి గిటార్ వాయిస్తామని గిటార్ క్లాసు పిల్లలు అడిగితే, పచ్చడి, పంచాంగ శ్రవణం అయ్యాక కొంత సమయం ఇచ్చాం. "తెలుగు పండుగ నాడు ఇంగ్లీషు పాటలేంది?" అని ముందు వరుసలోంచే అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే కథంతా ఇక్కడ రాస్తున్నాం.

ఆమె 1964లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. తల్లి ఒంటరిగా పెంచింది. చేతిలో డబ్బు ఆడకపోయినా మూడేళ్ల బిడ్డకు యుకులెలె అనే నాలుగు తీగల చిన్న వాయిద్యం కొనిచ్చింది. ఎనిమిదేళ్లకే ఆ పిల్ల గిటార్ పట్టి సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టింది. స్కాలర్‌షిప్ మీద కనెక్టికట్‌లోని ఒక హాస్టల్ బడిలో చేరితే, అక్కడి చర్చి ఫాదర్ చందాలు పోగుచేసి ఆమెకు గిటార్ కొనిపెట్టాడు. తర్వాత టఫ్ట్స్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) చదువుకుంటూ, బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలో, హార్వర్డ్ స్క్వేర్ వీధుల్లో పాడేది. తోటి విద్యార్థి ఒకతను విని, పాటల వ్యాపారంలో ఉన్న తన తండ్రికి చెప్పాడు. 1988 ఏప్రిల్‌లో మొదటి ఆల్బమ్ వచ్చింది.

అదే ఏడాది జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ. ట్రేసీ అప్పటికే తన వంతు పాడేసి దిగిపోయింది. తర్వాత అమెరికా పేరుమోసిన గాయకుడు స్టీవీ వండర్ రావాలి. ఆయన కీబోర్డుకు కావాల్సిన హార్డ్ డిస్క్ కనిపించకపోవడంతో అప్పటికి పాడకుండానే వెళ్లిపోయాడు. ఆ ఖాళీలో ఈమెను మళ్లీ స్టేజీ ఎక్కించారు. ఒక గిటారు, ఒక మైకు, అంతే. తన ఆల్బమ్‌లోని 'ఫాస్ట్ కార్' పాట పాడింది. 60కి పైగా దేశాల్లో టీవీలో చూశారు. ఆగస్టుకల్లా ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. సెప్టెంబర్ 30న ఢిల్లీలో మానవ హక్కుల కచేరీలో కూడా పాడింది. మరుసటి ఏడాది మూడు గ్రామీ అవార్డులు వచ్చాయి.

'ఫాస్ట్ కార్' పాట భావాన్ని మన క్లాసులో ఒకమ్మాయి తెలుగులో చెప్పింది. తాగుడుకు అలవాటుపడ్డ తండ్రిని చూసుకోవడానికి బడి మానేసిన పిల్ల, ఊరు దాటితే బతుకు బాగుపడుతుందని ఆశపడుతుంది. బతుకుదెరువుకు బొంబాయి బస్సులెక్కిన మన పాలమూరుకు దీన్ని వేరే విడమర్చనక్కర్లేదు.

వెంబ్లీ సంగతిని పిల్లలు లాటరీ తగిలినట్టు చెప్పారు. కార్యవర్గం అభిప్రాయం వేరు. ఖాళీ దొరకడం అదృష్టమే, ఒప్పుకుంటాం. ఇంకొకరి కోసం ఎదురుచూస్తున్న అంత జనం ముందు ఒంటరిగా నిలబడే ధైర్యం మాత్రం వీధిలో పాడి పాడి వచ్చింది. కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే మన మొగిలయ్య గారి సంగతీ అంతే. 2021లో సినిమా పాట, 2022లో పద్మశ్రీ వచ్చాకే చాలామందికి తెలిశారు గానీ, అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఊరూరా, ఉన్నవాళ్లను దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథ పాడుతున్నారు.

అందుకే వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన పెడుతున్నాం. శాలువలు, మెమెంటోల ఖర్చు సగానికి తగ్గించి, ఆ డబ్బుతో గిటార్లు, డప్పులు కొని పిల్లలకు ఇంటికి పంపాలని. ఇప్పుడు క్లాసులో ఒక్కో గిటార్‌ను ముగ్గురు, నలుగురు పంచుకుంటున్నారు. నెలకో ఆదివారం సాయంత్రం పార్కులో, మైకు లేకుండా, వాళ్లతో పాడించాలని కూడా అనుకుంటున్నాం. సన్మానాలు తగ్గితే నొచ్చుకునేవాళ్లు ఉంటారని తెలుసు. సమావేశంలో చర్చించి ఓటుకు పెడదాం.

ఈలోగా ఎవరింట్లోనైనా సజ్జ మీద పాత గిటార్ పడి ఉంటే సంఘం ఆఫీసుకు పంపండి. తీగలు తెగినా పర్వాలేదు, మేం వేయించుకుంటాం.

— కార్యదర్శి