గాజువాకలో దిగిపోయిన పెద్దాయనకు

మాస్టారూ, మీ పేరు అడగలేదు. నాలుగేళ్ల క్రితం ఒక వాన సాయంత్రం కూర్మన్నపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నారు. నేను ఒక కాగితాన్ని మడుస్తూ విప్పుతూ ఉంటే "ఏమైంది బాబూ?" అన్నారు.

అది పర్మిట్, ట్యాంకులోకి మనుషులను దింపడానికి నేను సంతకం పెట్టాల్సిన అనుమతి పత్రం. మర్నాడు నలుగురు కాంట్రాక్టు కార్మికులు ట్యాంకులోకి దిగాలి. లోపల ఆక్సిజన్ 18.7 శాతం చూపించింది. 19.5 కన్నా తగ్గితే మనిషిని దింపకూడదు. "మీటరు పాతది, సంతకం పెట్టు" అన్నారు పై అధికారి. 2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయనపు ఆవిరి వెంకటాపురాన్ని కమ్మేసిన విశాఖ మనది. అయినా మీటరు పాతదట!

మీరు ధైర్యవచనాలు చెప్పలేదు, అదే మేలైంది. "నోటిమాట గాలికి పోతుంది. కొలత, సమయం, ఎవరు ఏమన్నారో లాగ్‌బుక్కులో రాయి. నకలు సేఫ్టీ కమిటీకి ఇవ్వు" అన్నారు. ప్రమాదం ముంచుకొస్తోందని కార్మికులు యాజమాన్యాన్ని హెచ్చరించవచ్చని, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకూ తెలపవచ్చని అప్పటి ఫ్యాక్టరీల చట్టం చెబుతోందంటూ టికెట్టు వెనక ఆ సెక్షన్ నంబరు "41-హెచ్" అని రాసిచ్చారు. ఈలోగా గాజువాక వచ్చేసింది.

రాశాను మాస్టారూ. చేయి వణికి అక్షరాలు కోడిగీతల్లా వచ్చాయి. లోపలికి గాలి కొట్టే బ్లోయర్లు పెట్టి, మళ్లీ కొలిచాకే మనుషులు దిగారు. ఆ ఏడు నాకు ప్రమోషన్ రాలేదు. పోనివ్వండి.

ఆ నలుగురిలో ఒకరి కూతురి పెళ్లి మొన్న సింహాచలంలో జరిగింది. భోజనాల దగ్గర మీరు గుర్తుకొచ్చారు. టికెట్టు నా పర్సులోనే ఉంది, సిరా కొంచెం అలుక్కుపోయింది. మీకు నా నమస్కారాలు.