ఐదు నిమిషాల స్టార్టింగ్‌తో పాత కారుకు చేటే

సంపాదకుల వారికి,

పాత కార్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం బాగుంది. అందులో ఒక సలహాను ముఖ్యంగా దిద్దాలి. వాడకుండా ఉంచిన బండిని వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలని రాశారు. అంబాసిడర్, పద్మిని, మన మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్లకు అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

చల్లటి ఇంజన్‌ను చోక్ (గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువగా పోయించే మీట) లాగి స్టార్ట్ చేసినప్పుడు మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ కిందికి, ఇంజన్ ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతుంది. మండిన పెట్రోలు నుంచి పుట్టే ఆవిరేమో సైలెన్సర్ వేడెక్కక ముందే నీరై అందులోనే నిలుస్తుంది. సైలెన్సర్‌ను లోపలి నుంచి తినేసేది ఆ నీరే. పైగా ఈ బండ్లలో చాలావాటికి బ్యాటరీని ఛార్జ్ చేయడానికి ఆల్టర్నేటర్ ఉండదు, పాతకాలపు డైనమో ఉంటుంది. బండి కదలకుండా ఇంజన్ మెల్లగా తిరిగే ఐడ్లింగ్‌లో డైనమో ఛార్జింగ్ దాదాపు సున్నా కాబట్టి, స్టార్టర్ లాగిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరదు. పదిహేను రోజులకోసారి కనీసం అరగంట రోడ్డు మీద నడపాలి. అది కుదరకపోతే అసలు ముట్టుకోకపోవడమే నయం. బ్యాటరీ వైరు విప్పి, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి నెలల తరబడి ఉంచితే ఈ ఉప్పుగాలికి బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి.

కథనం అసలు తాకని విషయం పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో ఇథనాల్ 20 శాతం వరకు ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజన్‌కు వెళ్లే పైపు పీల్చేది ఆ అడుగునుంచే. పాత రబ్బరు హోసులు, పెట్రోలు పంపులోని పలచటి పొర (డయాఫ్రం) ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి. హోసు బయటికి బాగానే కనిపిస్తూ లోపల పొరలు ఊడుతుంది, ఆ ముక్కలు కార్బురేటర్ జెట్‌లో (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రంలో) ఇరుక్కుంటాయి. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో రబ్బరు పొర ఉన్న హోసులు, అదే రకం డయాఫ్రం వేయించాలి. ఇక్కడి పాత విడిభాగాల బజారు పుదుపేటలో పాత ఇనుప సామాను ఎంతైనా కొనవచ్చు కానీ, ఏళ్ల తరబడి అలమారాలో పడివున్న రబ్బరు కిట్ (మార్చే రబ్బరు భాగాల సెట్టు) మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత కార్బురేటర్ తనంతట తాను సర్దుకోలేదు గనుక మిశ్రమంలో గాలి ఎక్కువై అది పలచబడుతుంది. పికప్‌లో తడబాటు, కార్బురేటర్‌లో టపటపలు, స్పార్క్ ప్లగ్గు కొన తెల్లగా కాలడం దీని గుర్తులు. ముందు ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) చూసి, తర్వాతే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. ప్లగ్గు లేత కాఫీ రంగుకు వస్తే సరిపోయినట్టు.

ట్యాంకులో తుప్పు ఉంటే ట్యాంకు దించి, పెట్రోలు మట్టం చూపే ఫ్లోట్ యూనిట్ తీసేసి, లీటరు నీటికి 100 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) కలిపి ఒక రాత్రి నింపి ఉంచాలి. పొద్దున వంట సోడా నీళ్లతో, ఆ పైన మంచినీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యమైతే గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. చిల్లు ఉందని ఖాళీ ట్యాంకును నేరుగా వెల్డింగ్ షాపుకు మోసుకెళ్లకండి. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువగా పేలుతుంది.

బ్రేకుల సంగతి. పద్మినిలో, పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ లైను. చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ ఒక్కటి కారినా పెడల్ మొత్తం నేలకు దిగుతుంది. కాబట్టి డబ్బు పెయింట్ మీద పెట్టకముందు ఇక్కడ పెట్టాలి. సిలిండర్ లోపల గోరు తగిలేంత గుంట ఉంటే కొత్త రబ్బరు కిట్ వేసి లాభం లేదు, రబ్బరు కోసుకుపోతుంది. సిలిండర్ మార్చాలి, లేదా లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేయించాలి. ఫ్రిజ్ రిపేరుకు వాడే రాగి గొట్టంతో బ్రేకు లైను వేసే మెకానిక్‌లు ఉన్నారు, ఒప్పుకోవద్దు. అదురుకు రాగి గట్టిపడి చిట్లుతుంది. బ్రేకు ఆయిల్ కూడా తేమను పీల్చేదే కనుక రెండేళ్లకోసారి మార్చాలి. బ్రేకు లైనులోంచి గాలి తీసేటప్పుడు, పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. ఈ పనులకు కారు కిందికి దూరాలంటే స్టాండ్లు తప్పనిసరి. ఉత్త జాకీ, హాలో బ్లాకులు నమ్మదగినవి కావు.

టింకరింగ్ (బాడీ రేకు పని) గురించి ఒక్క మాట. అంబాసిడర్, పద్మినిలకు వేరే ఛాసిస్ (అడుగు చట్రం) లేదు, తలుపుల కింది సిల్లే (పొడుగాటి రేకు పెట్టె) బాడీని మోస్తుంది. తలుపు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీలను చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలతో అతికించకుండా సిల్ కోస్తే బాడీ కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు పడవు. హెరాల్డ్‌కు ఛాసిస్ వేరుగా ఉంటుంది కనుక ఈ భయం తక్కువ. అయితే ఆ ఛాసిస్ నుంచి పక్కలకు చాచుకుని బాడీని మోసే చేతులు ముందు తుప్పు పడతాయి.

మరో సవరణ: పాత కార్లన్నిటికీ వింటేజ్ నంబరు (పురాతన బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) దొరకదు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, బండి పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మెయింటెనెన్స్‌కు మాత్రం రోడ్డెక్కవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, చెన్నై