కప్ప కంటే ముందు ఇల్లు
ఎడిటర్ గారూ, డార్ట్ కప్పలు, అదే మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని రంగురంగుల బుల్లి కప్పలు, అనగానే విషం అంటారు గానీ అదంతా అడవిలో తినే చీమలు, పురుగుల వల్ల వచ్చేదండీ, పెంపకంలో పుట్టి పండు ఈగలు తిని పెరిగినవాటికి ఉండదు. నేనింకా కప్పల్ని తేలేదు, ముందు ఇల్లే కడుతున్నా, అద్దాల తొట్టి వెనక గోడకి ఫోమ్ కొట్టి, ఆరాక చాకుతో బండరాళ్లలా చెక్కి, సిలికాన్ పూసి తడి ఆరకముందే కొబ్బరిపొట్టు అద్దాను, ఇక సిలికాన్ నుంచి వచ్చే ఆ వెనిగర్ వాసన పోయేదాకా ఆగాలి, మా ఆవిడ తిట్లు వేరే.

అసలు చిక్కు బెజవాడ ఎండ. వాటికి 25 డిగ్రీల దగ్గర ఉండాలి, 30 దాటితే ప్రాణం మీదకే, మనకేమో మేలో 45, పైగా కరెంటు కోతలు! ఇవి సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోవి, అలాంటి జీవుల్ని పెంచేవాళ్లు 2024 రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, నాకు అమ్మజూపినాయన ఆ మాటే ఎత్తలేదు. దీనిమీద ఓ ముక్క రాయండి సార్.

- ఓ పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ